వేదికకూ తెరకూ దుస్తులు కుట్టే పని: కథ చదవడం నుంచి పెట్టెలో సర్దడం దాకా

కుట్టుపని బాగా వచ్చినవారు కూడా మొదటిసారి నాటకానికో, నృత్యానికో, షార్ట్ ఫిలింకో దుస్తులు ఒప్పుకున్నప్పుడు తడబడుతూ ఉంటారు. పెళ్ళికి కుట్టిన బ్లౌజు ఒక పూట అందంగా నిలిస్తే చాలు. అదే వేదిక మీదికి వెళ్ళే బ్లౌజు రెండు గంటల పాటు ఎత్తిన చేతులను, చెమటను, మధ్యలో హడావిడిగా విప్పి తొడగడాన్ని తట్టుకోవాలి. వారం తర్వాత మరో ఊళ్ళో ఆడినప్పుడు మళ్ళీ కొత్తదానిలా కనిపించాలి. అందువల్ల ఈ పనిలో మిషన్ ముందు కూర్చునే సమయం కంటే దానికి ముందు చేసే సన్నాహమే ఎక్కువ. ఏది ముందు, ఏది వెనుక అన్న వరుస తప్పితే ఎంత మంచి కుట్టైనా నిలవదు. ఆ వరుసలోనే చెబుతాను.

1. గుడ్డ కొనే ముందు కథ చదవాలి

దర్శకుడు ఫోన్లో చెప్పిన రెండు మాటలతో బజారుకు వెళ్ళకూడదు. స్క్రిప్టు మొత్తం ఒకసారి కథ కోసం, రెండోసారి దుస్తుల కోసం చదవాలి. రెండోసారి చదివేటప్పుడు పక్కన ఒక పట్టిక గీసుకుని, అడ్డంగా సన్నివేశాలను, నిలువుగా పాత్రలను రాసుకోవాలి. ప్రతి గడిలో ఆ పాత్ర ఏం తొడుక్కుంటుందో, ఆ గుడ్డకు ఏం జరుగుతుందో నింపాలి. తడుస్తుందా, చిరుగుతుందా, రక్తం అంటుతుందా, ఎవరైనా పట్టి లాగుతారా అన్న సంగతులన్నీ అందులోకి రావాలి.

పట్టిక పూర్తయ్యాక దర్శకుడిని అడిగి తేల్చుకోవలసినవి ఇవి:

- కథ ఏ కాలంలో, ఏ ఊళ్ళో, ఏ రుతువులో జరుగుతుంది?
- రెండు సన్నివేశాల మధ్య వేషం మార్చుకోవడానికి ఎంత వ్యవధి ఉంటుంది?
- పోరాటం, వాన, మంట, తాడుకట్టి ఎగరడం వంటివి ఉన్నాయా?
- వెనుక తెర రంగు ఏమిటి? లైట్ల రంగులు ఏమిటి?
- ఎన్ని ప్రదర్శనలు, లేదా ఎన్ని రోజుల షూటింగు?
- కొలతలు ఇచ్చిన నటులే చివరిదాకా ఉంటారా?

ఇదే దశలో ఒప్పందం కూడా కాగితం మీదికి రావాలి. అడ్వాన్సు ఎంత, ఎన్ని ట్రయల్స్, నటుడు మారితే మళ్ళీ కుట్టే ఖర్చు ఎవరిది, ప్రదర్శన తర్వాత దుస్తులు ఎవరి సొత్తు అనే నాలుగు సంగతులు రాసుకుంటే చాలు. సినిమాల్లోకి వెళ్ళాలనుకునేవారు కాస్ట్యూమ్స్ విభాగపు కార్మిక సంఘం సభ్యత్వ నియమాలను ముందే కనుక్కోవాలి.

2. కొలతలు రెండుసార్లు తీయాలి

కొత్తవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నిలబెట్టి తీసిన కొలత నిలబడి ఉన్న మనిషికే సరిపోతుంది. నటుడు బాణం ఎక్కుపెడతాడు, కాళ్ళ మీద పడతాడు, సింహాసనం మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడు. పద్యం పాడేవాడైతే ఊపిరి పట్టినప్పుడు ఛాతీ విచ్చుకుంటుంది.

మొదట మామూలు కొలతలు తీయాలి: మెడ, భుజాలు, ఛాతీ, నడుము, పిరుదులు, చేయి పొడవు, దండ, మణికట్టు, నడుము నుంచి మడమ దాకా పొడవు. తల చుట్టుకొలతను చాలామంది మరచిపోతారు. కిరీటానికీ, తలపాగాకూ, విగ్గుకూ అది తప్పనిసరి.

తర్వాత నటుణ్ణి ఆ పాత్ర చేసే పని చేయమని కోరి, అలా చేస్తూ ఉండగా మళ్ళీ కొలవాలి:

- రెండు చేతులూ ముందుకు చాచినప్పుడు వీపు వెడల్పు
- చేయి పైకెత్తినప్పుడు నడుము నుంచి చంక కింద మీదుగా మోచేయి వరకు
- నిండుగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ
- కూర్చున్నప్పుడు నడుము, తొడ
- ముందు నడుము నుంచి కాళ్ళ మధ్యగా వెనుక నడుము దాకా, వంగి ఉన్నప్పుడు

రెండు కొలతలకూ మధ్య ఉన్న తేడాయే మీరు గుడ్డలో ఇవ్వవలసిన వదులు. వీపు దగ్గర మూడు అంగుళాల తేడా వచ్చిందంటే చొక్కా మొత్తాన్ని మూడు అంగుళాలు వదులు చేయమని అర్థం కాదు. అలా చేస్తే రాజు వేషం వేసినవాడు అన్నగారి చొక్కా తొడుక్కున్న పిల్లవాడిలా కనిపిస్తాడు. వీపు మీద భుజం ఎముకల వెంట లోపలికి ఒక మడత పెట్టి, అవసరమైనప్పుడే తెరుచుకునేలా చేయాలి.

నటుడు వేషం కింద ఏం తొడుక్కుంటాడో, పాదరక్షలు ఏవో, మోకాళ్ళకు ప్యాడ్లు కడతాడో లేదో కూడా ఆ కాగితం మీదే రాసుకోవాలి. తేదీ తప్పక వేయాలి. నెల గడిస్తే నడుము కొలత మారుతుంది.

3. గుడ్డను పరీక్షించి కొనాలి

హైదరాబాదులో అయితే సికింద్రాబాద్ జనరల్ బజారు, చార్మినార్ దగ్గరి పత్థర్‌గట్టి, లాడ్ బజారు, విజయవాడలో అయితే వస్త్రలత వైపు తిరిగితే కావలసినవి దాదాపు దొరుకుతాయి. ఎక్కడ కొన్నా ఒక్క పాత్రకు కావలసినదంతా ఒకే తానులోంచి, ఒకటి రెండు మీటర్లు ఎక్కువగా తీసుకోవాలి. అదే రంగు అనుకుని వారం తర్వాత తెచ్చిన గుడ్డ లైట్ల కింద వేరే రంగులో కనిపిస్తుంది.

కోసే ముందు చేయవలసిన పరీక్షలు మూడు.

నీళ్ళు: నూలు గుడ్డను తప్పకుండా తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కోయాలి. ఐదు మీటర్లలో పదిహేను ఇరవై సెంటీమీటర్లు కుంచించుకుపోవడం మామూలే. ఎరుపు, నలుపు, ముదురు నీలం గుడ్డల మూలను తడిపి తెల్లగుడ్డతో రుద్దాలి. రంగు దిగితే చెమటకూ దిగుతుంది.

వెలుతురు: ట్యూబులైటు కింద నచ్చిన రంగును నమ్మకూడదు. ఎర్రటి లైటు కింద ఆకుపచ్చ నల్లగా మారుతుంది. నీలి లైటు కింద ఎరుపు గోధుమ నలుపులోకి పోతుంది. లైటింగ్ చూసేవారి దగ్గర లైట్లకు రంగు కోసం అడ్డం పెట్టే జెలటిన్ కాగితం ముక్క అడిగి తెచ్చుకుని, టార్చికి అడ్డం పెట్టి గుడ్డను చూస్తే ఈ సంగతి ఇంట్లోనే తేలిపోతుంది.

కెమెరా: సన్నని చారలు, చిన్న గళ్ళు తెర మీద అలలు అలలుగా మెరుస్తూ చూపును చెదరగొడతాయి. పాలలాంటి తెలుపు ముఖం కంటే ముందు కంటిని లాగుతుంది. గ్రాఫిక్స్ కోసం వెనుక కట్టే ఆకుపచ్చ తెర, అంటే గ్రీన్ మ్యాట్ ముందు తీసే సన్నివేశంలో ఆకుపచ్చ గుడ్డ వేస్తే అంతమేరా మనిషి మాయమైపోతాడు. కొనే ముందు ఫోన్ కెమెరాతోనైనా ఒక నిమిషం వీడియో తీసి, పెద్ద తెర మీద చూడాలి.

తెలుపును తగ్గించడానికి పాతకాలం నుంచీ వాడుతున్నది టీ డికాక్షనే. లీటరు నీళ్ళకు రెండు చెంచాల టీపొడి వేసి మరిగించి, వడగట్టి, ముందుగా తడిపిన గుడ్డను అందులో ముంచి కదుపుతూ ఉండాలి. తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగు ఆరాక తేలికవుతుంది కాబట్టి, ముందు చిన్న ముక్కను ముంచి ఆరబెట్టి చూసుకోవాలి. నూలుకూ పట్టుకూ ఇది పనిచేస్తుంది. పాలియెస్టర్‌కు పట్టదు.

కాలం విషయంలో రాజీ పడకండి. స్వాతంత్ర్యోద్యమ కాలపు కథకు పొందూరు ఖద్దరు లాంటి చేతి నూలు గుడ్డ వేస్తే అది పడే తీరే వేరు. మెరిసే పాలియెస్టర్ ధోవతిని ఏ లైటూ కాపాడలేదు.

4. ముందు ముతక గుడ్డతో నమూనా

మీటరు ధర ఎక్కువ పలికే పట్టునో, వెల్వెట్‌నో నేరుగా కోయడం ధైర్యం కాదు, తొందరపాటు. చౌకగా దొరికే గాడా గుడ్డతో శరీరం మేరకు, అంటే చేతులు, వీపు, నడుము వరకు కచ్చాకుట్టుతో, అంటే తర్వాత విప్పేసే వదులు కుట్టుతో నమూనా చేయాలి. నటుడికి తొడిగి, అసలు సన్నివేశంలోని కదలికలు చేయించి, పట్టిన చోట సుద్దతో గీసి, అక్కడే కత్తిరించి, కింద ముక్క పెట్టి సరిచేయాలి. ఆ నమూనాను విప్పి కాగితం మీద గీసుకుంటే అదే మీ ప్యాటర్న్. పాత్ర పేరు, తేదీ రాసి దాచుకుంటే నటుడు మారినా సగం పని మిగులుతుంది.

5. కోత, కుట్టు

వెల్వెట్ కోసేటప్పుడు నూగు దిశను చూసుకోవాలి. అరచేత్తో నిమిరితే ఒక వైపు నునుపుగా, మరో వైపు గరుగ్గా తగులుతుంది. అన్ని ముక్కలనూ ఒకే దిశలో కోయకపోతే ఒక చేయి ముదురుగా, ఇంకో చేయి లేతగా కనిపిస్తుంది. ఆ తప్పు కుట్టాక సరికాదు. వెల్వెట్‌ను పైనుంచి ఇస్త్రీ చేయకూడదు. వెనుకవైపు నుంచి ఆవిరి మాత్రమే పట్టాలి.

పక్క కుట్లలో కనీసం అంగుళంన్నర మార్జిన్ వదలాలి. నాటక సమాజాల దుస్తులు ఏళ్ళ తరబడి ఒకరి తర్వాత ఒకరు తొడుక్కుంటారు. లోపల గుడ్డ లేకపోతే వాటికి రెండో జీవితం ఉండదు.

చేయి బాగా లేవాలంటే చంకను కిందికి లోతుగా కోయాలని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి విరుద్ధం. చంక ఎంత దిగితే, చేయి ఎత్తినప్పుడు చొక్కా మొత్తం అంత పైకి లాక్కుపోతుంది. చంకను శరీరానికి దగ్గరగా ఉంచి, కింద నలుచదరపు ముక్కను ఏటవాలుగా పెడితే నడుము దగ్గర గుడ్డ కదలకుండా చేయి తలపైకి వెళుతుంది. ఇప్పటికే లోతుగా కోసేసి ఉంటే, మిగిలిన గుడ్డతో ఈ ముక్కను వేయడమే దారి.

ఎక్కువ బలం పడే చోట్లు మూడు: చంక, కాళ్ళ మధ్య జోడు, వెనుక హుక్కుల పట్టీ. వీటికి రెండు వరసల కుట్టు, లోపల సన్నని నూలు పట్టీ ఉండాలి. లైనింగ్ తప్పనిసరిగా నూలుదే ఉండాలి. చెమటను పీల్చేదీ, జరీ గీసుకోకుండా ఒంటిని కాపాడేదీ అదే. చంకల్లో విడిగా తీసి ఉతుక్కునే ప్యాడ్లు టాకా వేస్తే ఖరీదైన పట్టు బ్లౌజు ఎక్కువ కాలం మన్నుతుంది.

పౌరాణిక వేషాల్లో భుజకీర్తులను నేరుగా చొక్కాకు కుట్టకండి. బరువుకు భుజం కుట్టు విచ్చిపోతుంది, చొక్కా ఉతకడానికీ వీలుండదు. లోపలి నుంచి చంక కిందుగా వచ్చే వెడల్పాటి పట్టీకి వాటిని బిగించి, చొక్కా మీద రెండు చోట్ల మాత్రమే హుక్కులు పెడితే చాలు.

6. కూచిపూడి ఫ్యాన్: విడిగా చెప్పుకోవలసిన పని

చీరను కోసి కుట్టించిన నృత్య దుస్తుల్లో బ్లౌజు, పైజామా, పైట, నడుము వెనుక ముక్క ఎవరైనా నేర్చుకోవచ్చు. పనితనం తెలిసేది ముందు కుచ్చెళ్ళలో, అంటే ఫ్యాన్‌లో. నాట్యం చేసేవారు అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమలో ఉన్నప్పుడు అది విసనకర్రలా సమంగా విచ్చుకోవాలి, లేచినప్పుడు అంతే సమంగా ముడుచుకోవాలి.

మొదటి మెట్టు: అరమండిలో నిలబెట్టి ఒక మోకాలి నుంచి రెండో మోకాలి దాకా కొలవాలి. నిలబడిన కొలతతో పనిలేదు.

రెండో మెట్టు: పూర్తిగా విచ్చుకున్నప్పుడు కూడా మడతలు చదునైపోకూడదు కాబట్టి, ఆ కొలతకు కనీసం ఒకటిన్నర రెట్లు గుడ్డ తీసుకోవాలి. అరమండి కొలత 30 అంగుళాలైతే గుడ్డ 45 అంగుళాలు. ఒక్కో మడత లోతు అంగుళంపావు అనుకుంటే మడతకు రెండున్నర అంగుళాలు పోతుంది, మొత్తం 18 మడతలు వస్తాయి. చిన్నపిల్లలకు మడత లోతు ముప్పావు అంగుళానికి తగ్గించాలి.

మూడో మెట్టు: చీర కొంగు ఫ్యాన్‌కు వాడాలా, పైటకు వాడాలా అని తేల్చుకుని, అంచు కిందికి సరిగ్గా వచ్చేలా కోయాలి. మడతలన్నిటిలో అంచు గీత ఒకే ఎత్తులో ఉండాలి. పావు అంగుళం తేడా వచ్చినా ప్రేక్షకుడికి మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

నాలుగో మెట్టు: ప్రతి మడతనూ స్కేలుతో గుర్తుపెట్టి, పైన తడి నూలుగుడ్డ పరచి, మధ్యస్థమైన వేడితో ఒత్తాలి. పైన, మధ్యన, కింద మూడు చోట్ల కచ్చాకుట్టు వేసి ఒక రాత్రి బరువు కింద ఉంచాలి.

ఐదో మెట్టు: వెనుకవైపు, మోకాలి ఎత్తులో, ప్రతి మడత అంచునూ గట్టి దారంతో వరుసగా పట్టి, మడతకూ మడతకూ మధ్య సమానమైన వదులు ఉంచాలి. ఈ దారమే ఒక పక్క మడతలు లాగేసుకుని మరో పక్కవి ముడుచుకుని ఉండిపోయే లోపాన్ని ఆపుతుంది.

పొడవు చీలమండకు పైనే ఆగాలి. గజ్జెలు కనబడాలి, వాటికి జరీ చిక్కుకోకూడదు. కూచిపూడిలోని తరంగం అనే అంశంలో పళ్ళెం మీద నిలబడి ఆడేవారికి ఇంకో అంగుళం పైకి పెట్టండి. పళ్ళెం అంచు కింద గుడ్డ పడితే జారిపడే ప్రమాదం ఉంటుంది. ఈ ఒక్క విషయంలో అందం కంటే భద్రతనే చూడాలి.

7. హడావిడిగా మార్చే వేషాలు

నిమిషం లోపు మారవలసిన వేషానికి వెనుక నుంచి ఒకే చోట తెరుచుకునే దారి ఉండాలి. ముందున్న బొత్తాలు, నాడాలు అలంకారానికే ఉంచి కుట్టేయాలి. వెల్‌క్రో అందరికీ మొదట తోచే ఉపాయమే గాని, నిశ్శబ్దమైన సన్నివేశంలో దాని చప్పుడు ముందు వరసల దాకా వినబడుతుంది. పైగా విగ్గు వెంట్రుకలనూ జరీనీ పట్టుకుంటుంది. పెద్ద ప్యాంటు హుక్కులు, పెద్ద టిచ్ బటన్లు మేలు. చీకట్లో వేలితో తడిమి పెట్టగలగాలి.

వీలైన చోట రెండో వేషాన్ని కిందే తొడిగి, మొదటిది పైన వేయాలి. వీలుకాకపోతే వింగ్‌లో, అంటే వేదిక పక్కన తెరచాటున, కుర్చీ మీద చివర తొడిగేది అడుగున, మొదట తొడిగేది పైన ఉండేలా పేర్చాలి. ఎవరు హుక్కులు పెడతారు, ఎవరు కిరీటం అందిస్తారు అన్నది నిర్ణయించి, గడియారం పెట్టుకుని కనీసం ఐదుసార్లు సాధన చేయించండి.

8. నిప్పు ఉన్న సన్నివేశాలు

దీపాలు, బాణసంచా, అస్త్రాలు ఢీకొన్నప్పుడు నిప్పురవ్వలు వచ్చే ప్రదర్శనల్లో నైలాను, పాలియెస్టర్ గుడ్డలు వద్దే వద్దు. అవి కరిగి చర్మానికి అంటుకుంటాయి. మందపాటి నూలు కొంత నయమేగాని అదీ కాలుతుంది. కాబట్టి వేలాడే చేతులు, ఎగిరే ఉత్తరీయం తీసేయాలి. వింగ్‌లో నీళ్ళ బక్కెట్టు, తడిపిన గొంగడి ఉన్నాయో లేదో మీరే చూసుకోండి. అది వేరే వాళ్ళ పని అని ఊరుకోవద్దు.

9. ట్రయల్

ట్రయల్ అంటే అద్దం ముందు నిలబెట్టడం కాదు. పూర్తి వేషంతో, పాదరక్షలతో, నగలతో, వీలైతే అసలు లైట్ల కింద చేయాలి. చూడవలసినవి:

- నేల మీద కూర్చుని, చేతుల సాయం లేకుండా లేవగలుగుతున్నారా?
- చేయి ఎత్తితే నడుము బయటపడుతోందా?
- వెనుక వరసలోంచి చూస్తే అంచు కనబడుతోందా?
- నడుస్తుంటే గుడ్డ చప్పుడు చేస్తోందా?
- మైకు పెట్టె పెట్టుకోవడానికి లోపల జేబు ఉందా?

పట్టుగుడ్డ రాపిడి కాలర్ మైకులో గరగరమని వినిపిస్తుంది. మైకు వచ్చే చోట లోపల మెత్తని నూలు ముక్క వేస్తే అది తగ్గుతుంది.

10. తెరకు అదనపు పని

వేదికకు ఒక జత చాలుతుంది, కెమెరాకు చాలదు. వాన, పోరాటం, రక్తం ఉన్న సన్నివేశానికి ప్రతి టేకుకూ పొడి దుస్తులు కావాలి, డూప్‌కు అతని కొలతలతో మరో జత కావాలి. తాడు కట్టే సన్నివేశానికి లోపల బెల్టు పట్టేలా ఒక సైజు పెద్దగా కుట్టి, తాడు వచ్చే చోట చీలికలు పెట్టి అంచు మూయాలి. ఈ జతలన్నీ ఒకే రోజు, ఒకే తానులోంచి కోయాలి.

సినిమాను వరుసలో తీయరు. పాత్ర తలుపు దాటి లోపలికి వెళ్ళే సన్నివేశంలో బయటి సగం ఈ రోజు, లోపలి సగం ఇరవై రోజుల తర్వాత తీయవచ్చు. ప్రతి షాట్ చివర ముందు నుంచి, వెనుక నుంచి, రెండు పక్కల నుంచి ఫోటోలు తీసి, సన్నివేశం సంఖ్య, పై బొత్తం తీసి ఉందా, చేతులు ఎన్ని మడతలు మడిచారు, కండువా ఏ భుజం మీద ఉంది అన్నది పుస్తకంలో రాయాలి. జ్ఞాపకం మీద ఆధారపడి నేను ఒకసారి కండువాను కుడి భుజం నుంచి ఎడమకు మార్చాను. ఆ రోజు తీసిందంతా మళ్ళీ తీయవలసి వచ్చింది. అప్పటి నుంచి పుస్తకం నా చేతిలోంచి దిగలేదు.

రైతు చొక్కా కొత్తగా మెరిస్తే పాత్ర మీద నమ్మకం పోతుంది. గుడ్డను పాతదిగా చేసే ముందు పాత్ర ఏ పని చేస్తుందో ఆలోచించాలి. నాగలి పట్టేవాడికి భుజాలు వెలుస్తాయి, గుమస్తాకు మోచేతులు అరుగుతాయి. ముందు రెండు మూడుసార్లు ఉతికి గంజి వదలగొట్టి, అరిగే చోట్ల గరుకు కాగితంతో రుద్ది, భుజాల మీద పలచని బ్లీచింగ్ నీళ్ళు చిలకరించి వెంటనే కడగాలి. పట్టు మీద, ఉన్ని మీద బ్లీచింగ్ వాడకూడదు, గుడ్డే తినేస్తుంది. మట్టి కోసం ముల్తానీ మట్టిలో కాస్త టీ డికాక్షన్ కలిపి అద్దాలి. అన్ని చోట్లా సమానంగా పూస్తే అది మురికిలా కాక అద్దకంలా కనిపిస్తుంది.

11. ప్రదర్శన రోజు పెట్టె

- సూదులు, ముందే ఎక్కించి ఉంచిన నలుపు, తెలుపు, ఎరుపు దారాలు
- పిన్నీసులు అన్ని సైజుల్లో, అదనపు హుక్కులు, టిచ్ బటన్లు, నాడాలు, నాడా ఎక్కించే కడ్డీ
- చిన్న కత్తెర, కుట్టు విప్పే సాధనం, రెండు వైపులా అంటుకునే టేపు
- టాల్కమ్ పౌడరు, తెల్ల సుద్ద, టిష్యూలు, చిన్న ఇస్త్రీ పెట్టె
- కొలతల కాగితాలు, వేషాల పట్టిక

వేదిక ఎక్కే ముందు హుక్కు ఊడితే పిన్నీసుతో సరిపెట్టకండి. పోరాటంలో అది గుచ్చుకుంటుంది. నాలుగు కుట్లు వేయడానికి అర నిమిషం చాలు.

12. విప్పిన తర్వాత

చెమట తడితో దుస్తులను మూటగట్టడమే జరీ నల్లబడడానికి మొదటి కారణం. విప్పిన వెంటనే తిరగేసి, నీడలో, గాలికి వేలాడదీయాలి. ఉతకలేని వెల్వెట్, జరీ దుస్తుల లోపలివైపు స్పిరిటు కలిపిన నీళ్ళు పలచగా చిలకరించి పూర్తిగా ఆరనిస్తే వాసన పోతుంది. మొదట లోపలి మార్జిన్ మీద పరీక్షించాలి, దగ్గర్లో దీపం ఉండకూడదు. సెంటును దుస్తులు తొడిగాక కొట్టుకోవద్దని నటులకు ముందే చెప్పాలి.

దాచేటప్పుడు జరీని పాత నూలు చీరలో చుట్టి, నాఫ్తలీన్ ఉండలు దానికి నేరుగా తగలకుండా చూడాలి. మూడు నెలలకోసారి మడతలు మార్చాలి. ఫ్యాన్‌ను మాత్రం మడవకుండా, కచ్చాకుట్టు వేసి, పొడవుగా పడుకోబెట్టాలి. లోపలి పట్టీ మీద పాత్ర పేరు, చివరిగా తొడిగినవారి కొలతలు, మరమ్మతు కావలసిన చోటు చెరగని సిరాతో రాసి, అప్పుడు పెట్టె మూయాలి.